పొలం సంగతి డాక్టరుకు చెప్పండి

వానలు వెనకబట్టి, గట్ల మీద గడ్డి మోకాలెత్తు పెరిగాక ఊళ్ళలో జ్వరాలు మొదలవుతాయి. ఆసుపత్రిలో డాక్టరు అడుగుతారు. ఎన్నాళ్ళ నుంచి? నాలుగు రోజులైందండి. చలి వస్తోందా? వస్తోందండి. తలనొప్పి? పగిలిపోతోందండి. అడిగినవాటన్నిటికీ జవాబులు వస్తాయి. అడగనిది ఒకటి మిగిలిపోతుంది. పది పన్నెండు రోజుల కిందట గేదెలకు గడ్డి కోయడానికి వెళ్ళి, అలిసిపోయి, గట్టు మీదే కాసేపు నడుం వాల్చిన సంగతి. దానికీ ఈ జ్వరానికీ సంబంధం ఉందని రోగికి ఎలా తడుతుంది? గట్టు మీద పడుకోవడం ఏళ్ళ తరబడి చేస్తున్నదే. పైగా మధ్యలో పది రోజులూ బాగానే తిరిగాడు.

ఈ అధ్యాయం ఆ మిగిలిపోయిన సంగతి గురించే. స్క్రబ్ టైఫస్ అనే జ్వరం ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఏటా కనిపిస్తోంది. తిరుపతి స్విమ్స్ వైద్యులు, చిత్తూరు జిల్లావాళ్ళు ఎక్కువగా వెళ్ళే వేలూరు సీఎంసీ వైద్యులు దాని మీద చాలాకాలంగా పరిశోధన పత్రాలు ప్రచురిస్తున్నారు. దీనికి మందు ఉంది. చవకైన మందు, చిన్న మాత్ర. అయినా మనుషులు పోతున్నారంటే చాలాసార్లు కారణం అనుమానం ఆలస్యంగా రావడం. ఆ ఆలస్యాన్ని తగ్గించే పనిలో డాక్టరు వంతు ఎంత ఉందో, ఇంట్లోవాళ్ళ వంతూ అంత ఉంది. నేను చెప్పబోయేది ఇంట్లోవాళ్ళ వంతు గురించి.

ఎలుక పాత్ర ఎంతవరకు

రైతుకు ఎలుక అనగానే గుర్తొచ్చేది పంట నష్టం. పిలకలు కొరికేస్తుంది, వెన్నులు కలుగులోకి లాక్కుపోతుంది. ఆ కోపం న్యాయమే. ఆరోగ్యం విషయానికొస్తే మాత్రం ఎలుక ఒంటి మీద ఏముందో చూడాలి. పరిశోధకులు బోనుల్లో పట్టిన పొలం ఎలుకల, పందికొక్కుల, చుంచుల చెవులు తిప్పి చూస్తారు. లోపలి మడతల్లో నారింజ రంగు నలుసులు గుంపుగా అతుక్కుని ఉంటే అవి చిగ్గర్లు.

మిరప, పత్తి వేసేవాళ్ళకు నల్లి అంటే బాగా తెలుసు. చిగ్గర్ కూడా ఆ కోవలోనిదే. దీని బంధువును మీరు చిన్నప్పుడు అరచేతిలో పెట్టుకుని చూసే ఉంటారు. తొలకరికి నేల మీద తిరిగే ఎర్రని మఖమలు ఒంటి ఆరుద్ర పురుగు. దాన్ని చూసి భయపడక్కర్లేదు, మనిషి జోలికి రాదు. నిజానికి పెరిగి పెద్దదైన చిగ్గర్ కూడా మనిషి జోలికి రాదు. మట్టిలో ఉండి చిన్న పురుగుల గుడ్లు తిని బతుకుతుంది. కరిచేది దాని పిల్ల. పెద్దదానికి ఎనిమిది కాళ్ళు, పిల్లకు ఆరే. ఒళ్ళు మిల్లీమీటరులో ఐదో వంతు. గుడ్డులోంచి బయటికొచ్చి గడ్డిపరక ఎక్కి కూర్చుంటుంది. దాని జీవితం మొత్తంలో వెచ్చటి ఒళ్ళున్న జంతువు మీద ఒక్కసారే తినాలి. అటుగా వెళ్ళే ఎలుక ఊపిరి తెలియగానే మీదికి ఎక్కేస్తుంది. నోటి భాగాలతో చర్మంలో దిగి, లాలాజలంతో కణాలను కరిగించి ఆ ద్రవాన్ని పీలుస్తుంది. రక్తం తాగదు. రెండు నుంచి నాలుగు రోజులు అలా తిని రాలిపోతుంది. ఎలుక రోజూ తిరిగే దారిలోనే రాలుతుంది కాబట్టి తర్వాతి తరమూ ఆ చుట్టుపక్కలే పుడుతుంది. అందుకే ఒక గట్టు మీద ఇవి విపరీతంగా ఉండి, నాలుగడుగులవతల గట్టు మీద ఒక్కటీ ఉండకపోవచ్చు.

ఎలుక బదులు ఆ దారిలో మనిషి కూర్చుంటే మనిషి మీదికి ఎక్కుతుంది. పురుగులో ఒరియెన్షియా సుత్సుగముషి అనే సూక్ష్మజీవి ఉంటే అది మనలోకి చేరుతుంది.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఈ సూక్ష్మజీవి తల్లి చిగ్గర్ నుంచి గుడ్లలోకి, గుడ్ల నుంచి పిల్లల్లోకి వెళ్తుంది. దాని అసలు ఇల్లు పురుగే. ఎలుక ఆ పురుగుకు తిండి పెడుతుంది, ఒక పొద నుంచి ఇంకో పొదకు చేరవేస్తుంది. కాబట్టి ఎలుకల మందు పెట్టేసి పని అయిపోయిందనుకుంటే కుదరదు. ఎలుకలు పోయి పొదలు మిగిలితే, ఆకలితో ఉన్న చిగ్గర్లు గడ్డి చివర అలాగే కూర్చుని ఉంటాయి. ఎలుకలను తగ్గించడం, పొదలు కొట్టడం రెండూ కలిసి జరగాలి.

ఇంకొక ఊరట కలిగించే సంగతి కూడా ఇందులోనే ఉంది. ఈ జ్వరం మనిషి నుంచి మనిషికి అంటదు. రోగికి వేరే కంచం, వేరే గది అక్కర్లేదు. పక్కన కూర్చుని అన్నం తినిపించండి.

ప్లేగు కథ దీనికి భిన్నం, తెలిసి ఉండటం మంచిది. అక్కడ ఎలుక మీద ఉండేది ఫ్లీ అనే గెంతే పురుగు, అది రక్తం తాగుతుంది. 1898లో కరాచీలో పాల్-లూయీ సైమండ్ అనే ఫ్రెంచి వైద్యుడు ప్లేగును ఎలుక నుంచి ఎలుకకు చేర్చేది ఈ పురుగేనని ప్రయోగం చేసి చూపించాడు. అప్పుడే చచ్చిన ఎలుకను ముట్టుకున్నవాళ్ళు ప్రమాదంలో పడటం, చచ్చి చాలాసేపైన ఎలుకను తీసినవాళ్ళకు ఏమీ కాకపోవడం ఆయన గమనించాడు. ఒళ్ళు చల్లబడగానే పురుగులు ఎలుకను వదిలి మరో ప్రాణిని వెతుక్కుంటాయి. 1994లో సూరత్‌లో ప్లేగు భయం దేశాన్ని ఎలా వణికించిందో గుర్తున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. ఇళ్ళ దగ్గర కారణం తెలియకుండా ఎలుకలు ఒకదాని తర్వాత ఒకటి చచ్చి పడుతుంటే వెంటనే ఆరోగ్య సిబ్బందికి చెప్పండి. చచ్చిన ఎలుకను ఎప్పుడూ వట్టి చేతులతో ఎత్తవద్దు. ప్లేగు అనుమానం ఉన్నచోట ముందు కలుగుల దగ్గర పురుగుల మందు, ఆ తర్వాతే ఎలుకల మందు. ఈ వరస తారుమారైతే చచ్చిన ఎలుకల మీది పురుగులన్నీ ఇంట్లోవాళ్ళ మీదికి వస్తాయి.

మచ్చను వెతకడం

స్క్రబ్ టైఫస్‌కు ఒక ఆనవాలు ఉంది. చిగ్గర్ కరిచిన చోట చిన్న పొక్కు లేచి, పుండుపడి, దాని మీద నల్లటి చెక్కు కడుతుంది. చుట్టూ ఎర్రటి అంచు. సిగరెట్టుతో చురక పెట్టిన మచ్చలా ఉంటుంది. డాక్టర్లు ఎస్కార్ అంటారు. అది కనిపించిన డాక్టరు ఇంక పెద్దగా ఆలోచించరు, మందు మొదలుపెడతారు. అంత విలువైన గుర్తు అది.

చిక్కల్లా అది నొప్పి పుట్టదు, సాధారణంగా దురదా ఉండదు. పైగా ఉండేది మనం చూసుకోని చోట. చిగ్గర్ కాళ్ళ మీదుగా పాకుతూ బట్ట బిగుతుగా ఉన్నచోట, చర్మం మెత్తగా, చెమ్మగా ఉన్నచోట ఆగుతుంది. మొలతాడు కింద, లంగా బొందు కట్టుకునే చోట, బొడ్డులో, గజ్జల్లో, మర్మాంగాల దగ్గర, చంకల్లో, రొమ్ముల కింద, పిరుదుల మడతల్లో, మోకాలి వెనక. పిల్లలకైతే చెవుల వెనక, జుట్టులో కూడా చూడాలి. చెమ్మగా ఉండే మడతల్లో నల్ల చెక్కు కట్టకపోవచ్చు. అక్కడ పాలిపోయిన చిన్న పుండులా ఉంటుంది. నల్లటి ఒంటి మీద ఎర్రటి అంచు సరిగా తెలియదు. ఫోన్ లైటు వేసి, తీరిగ్గా, మడత మడతా విప్పి చూడాలి.

ఇది చెప్పినంత తేలిక కాదని నాకు తెలుసు. డెబ్బై ఏళ్ళ నాన్న కొడుకు ముందు పంచె విప్పడు. పెళ్ళికాని అమ్మాయి మగ డాక్టరు ముందు రవిక తీయదు. ఆసుపత్రిలో రోగి బట్టలతోనే మంచం మీద పడుకుంటాడు, డాక్టరు కడుపు నొక్కి చూస్తారు, మచ్చ బట్టల కిందే ఉండిపోతుంది. ఈ మొహమాటాన్ని తప్పు పట్టను. దానికి దారి వెతకమంటాను. ఇంట్లోనే, తలుపు వేసుకుని, భార్యకు భర్త, భర్తకు భార్య, అత్తకు కోడలు, తల్లికి కూతురు చూడవచ్చు. ఒంటరిగా ఉండేవాళ్ళు అద్దం వాడవచ్చు. ఏఎన్ఎమ్మునో ఆశా కార్యకర్తనో అడిగితే వాళ్ళు కాదనరు. మచ్చ ఎక్కడుందో తెలిశాక డాక్టరుకు మాటతో చెబితే చాలు, ఎక్కడ చూడాలో ఆయనకు తెలుస్తుంది. జ్వరం వచ్చిన మూడో రోజుకల్లా ఈ వెతుకులాట జరగాలి. స్నానం చేయించేటప్పుడో తడిగుడ్డతో ఒళ్ళు తుడిచేటప్పుడో అయితే ఎవరికీ ఇబ్బందిగా ఉండదు.

మచ్చ దొరకలేదా? అయినా ఈ జ్వరం కాదని అనుకోవద్దు. చాలామంది రోగుల్లో మచ్చ కనిపించదు.

డాక్టరు దగ్గర ఏం మాట్లాడాలి

చదువుకున్న ఆయనకు మనం చెప్పేదేమిటన్న భయం మన పల్లెల్లో పెద్దవాళ్ళకు గట్టిగా ఉంది. పట్నంలో ఉన్నవాళ్ళకూ తక్కువేం కాదు. మర్యాద వేరు, మౌనం వేరు. డాక్టరుకు మందులు తెలుసు. పోయిన రెండు వారాల్లో మీరు ఎక్కడెక్కడ తిరిగారో మీకే తెలుసు. కుట్టిన ఆరో రోజు నుంచి ఇరవై ఒకటో రోజు లోపల జ్వరం రావచ్చు. ఎక్కువమందికి పది పన్నెండు రోజులకు వస్తుంది. కాబట్టి నిన్నా మొన్నా తిరిగిన చోట్లు చెబితే సరిపోదు. వెనక్కి మూడు వారాలు గుర్తు చేసుకోవాలి.

మాట ఇలా ఉండవచ్చు: “డాక్టరుగారూ, ఐదు రోజులుగా జ్వరం, తలనొప్పి. రెండు వారాల కిందట వరికోతకు వెళ్ళాను, మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని అన్నం తినేదాన్ని. మా ఇంటి వెనక పొదలున్నాయి, ఎలుకలు తిరుగుతాయి. స్క్రబ్ టైఫస్ కావచ్చేమో చూస్తారా?” ఇందులో డాక్టరుకు పాఠం చెప్పడం ఏమీ లేదు. అడిగిన తీరులో గౌరవం ఉంది, ఇచ్చిన సమాచారంలో పని ఉంది.

ఈ మాట అవసరం ఎందుకంటే, అదే కాలంలో డెంగీ, మలేరియా, టైఫాయిడ్, లెప్టోస్పైరోసిస్ కూడా తిరుగుతుంటాయి. స్క్రబ్ టైఫస్‌లోనూ ప్లేట్‌లెట్లు పడిపోతాయి కాబట్టి డెంగీ అనుకోవచ్చు. మన దగ్గర విడాల్ పరీక్ష ఒక్కటి చూసి టైఫాయిడ్ అని తేల్చేయడం ఎక్కువ. ఆ పరీక్ష ఒక్కసారి చేసి నమ్మదగింది కాదు. టైఫాయిడ్‌కు ఇచ్చే సెఫ్‌ట్రయాక్సోన్ లాంటి ఇంజెక్షన్లు మన కణాల లోపల దాక్కునే ఈ సూక్ష్మజీవి మీద పనిచేయవు. సెలైన్లు, ఇంజెక్షన్లు వారం రోజులు నడుస్తాయి, జ్వరం తగ్గదు, ఊపిరితిత్తులో మెదడో దెబ్బతినేదాకా రోగం పోతుంది. చికిత్స మొదలై మూడు రోజులైనా జ్వరం అలాగే ఉంటే ఇంజెక్షన్ పేరు కాగితం మీద రాయించుకుని పెద్ద ఆసుపత్రికి వెళ్ళండి. స్క్రబ్ టైఫస్‌ను తేల్చే ఐజీఎం ఎలైసా పరీక్ష మొదటి నాలుగైదు రోజుల్లో నెగెటివ్ రావచ్చన్నదీ గుర్తుంచుకోండి. నెగెటివ్ వచ్చినా అనుమానం బలంగా ఉంటే డాక్టర్లు మందు మొదలుపెడతారు.

ఆ మందు డాక్సీసైక్లిన్, లేదా అజిత్రోమైసిన్. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇస్తారు. గర్భంతో ఉన్నప్పుడు ఈ జ్వరం బిడ్డ ప్రాణానికే ముప్పు కాబట్టి వాళ్ళ విషయంలో ఒక్క రోజు కూడా ఆగకూడదు. సకాలంలో మొదలుపెడితే చాలామందికి 48 గంటల్లో జ్వరం దిగిపోతుంది. దిగింది కదా అని మాత్రలు మానేయవద్దు, డాక్టరు చెప్పినన్ని రోజులూ వేసుకోవాలి. డాక్సీసైక్లిన్‌ను నిండు గ్లాసు నీళ్ళతో, కూర్చుని మింగి, వెంటనే పడుకోకుండా ఉండాలి. లేకపోతే గొంతు కింద మంట పుడుతుంది. మందుల షాపులో అడిగి మీకై మీరు కొనుక్కోమని నేను చెప్పడం లేదు. జ్వరం ఏదో తేల్చాల్సింది డాక్టరే.

ఆలస్యమైతే ఏం జరుగుతుందో గోరఖ్‌పూర్ చూపించింది. అక్కడ ఏటా వానాకాలంలో పిల్లలు మెదడువాపుతో చనిపోయేవారు. జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌కు టీకాలు వేశాక ఆ వ్యాధి తగ్గింది, మెదడువాపు కేసులు మాత్రం ఆగలేదు. 2014 తర్వాత చేసిన పరీక్షల్లో ఆ పిల్లల్లో 60 శాతానికి పైగా స్క్రబ్ టైఫస్ ఆనవాళ్ళు బయటపడ్డాయి. మెదడుకు పాకేముందు వాళ్ళకు రోజుల తరబడి మామూలు జ్వరమే ఉంది. ఆ రోజుల్లో వేయగలిగిన మాత్ర దగ్గరలోని ఆరోగ్య కేంద్రంలోనే ఉండేది. ఇది తలుచుకుంటే మనసు కుదురుగా ఉండదు. ఆ తర్వాత అక్కడ జ్వరం వచ్చిన పిల్లలకు ముందుగానే ఈ మందులు ఇవ్వాలని నిర్ణయించారు.

రోగం ముదిరాక కూడా ఆశ వదలక్కర్లేదు. వేలూరు సీఎంసీ వైద్యుల ఆధ్వర్యంలో దేశంలోని పలు ఆసుపత్రుల్లో దాదాపు 800 మంది తీవ్ర రోగుల మీద పరిశోధన జరిగింది. డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి నరానికి ఎక్కిస్తే ఏదో ఒక్కటి ఇచ్చినదానికన్నా మేలని 2023లో తేల్చారు. ఆయాసం, మగత, మాట తడబడటం, మూర్ఛ, మూత్రం తగ్గడం, కళ్ళు పచ్చబడటం, వీటిలో ఏది కనిపించినా ఊళ్ళో వైద్యం ఆపి 108కి ఫోన్ చేయండి.

పొలంలో, ఇంట్లో

రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా, న్యూగినీ అడవుల్లో ఈ జ్వరానికి వేలమంది సైనికులు మంచం పట్టారు, కొన్ని చోట్ల రోగుల్లో దాదాపు 30 శాతం మంది పోయారు. అప్పటికి మందు లేదు. మొదటి మందు క్లోరాంఫెనికాల్ పనిచేస్తుందని కౌలాలంపూర్‌లో తేలింది 1948లో. మందు లేని రోజుల్లో ఆస్ట్రేలియా సైన్యం డైబ్యుటైల్ థాలేట్ అనే రసాయనాన్ని బట్టలకు పట్టించి చిగ్గర్లను ఆపింది. బట్ట ఎంత ముఖ్యమో అప్పుడే అర్థమైంది.

ప్యాంటు, సాక్సు, బూట్లు వేసుకుని పొలం వెళ్ళమని పుస్తకాలు చెబుతాయి. బురద మడిలో దిగే ఆడవాళ్ళకు అది జరిగే పని కాదు. జరిగే పని చెబుతాను. పని నుంచి రాగానే బట్టలు మార్చి, సబ్బుతో, గుడ్డతో ఒళ్ళు బాగా రుద్ది స్నానం చేయండి. చిగ్గర్ ఎక్కిన వెంటనే కరవదు, చోటు వెతుక్కుంటూ తిరుగుతుంది. కరిచాక కూడా సూక్ష్మజీవి చేరడానికి గంటలు పడుతుంది. ఆ వ్యవధిలో పడే స్నానం నిజంగా కాపాడుతుంది. పొలం బట్టలతో మంచమెక్కవద్దు. ఉతికిన బట్టలు కంచె మీద, పొదల మీద ఆరేయకుండా తాడు కట్టి ఆరేయండి. గట్టు మీద కూర్చోవాలంటే కింద టార్పాలిన్ పట్టా వేసుకోండి. తలకు చుట్టుకునే తువ్వాలే కింద పరిచి, లేచాక మళ్ళీ తలకు చుట్టుకునే అలవాటు మానాలి. గడ్డిలో గొంతుకు కూర్చుని కాలకృత్యాలు తీర్చుకునేవాళ్ళకు ఈ జబ్బు ఎక్కువని కొరియాలో రైతుల మీద చేసిన అధ్యయనం చెప్పింది. మరుగుదొడ్డి ఉన్నవాళ్ళు వాడాలి.

ఇంటి చుట్టూ పొదలు కొట్టించండి. కట్టెల మోపులు గోడకు ఆనించి, గదిలో మూలన పేర్చి ఉంచితే ఎలుకకు ఇల్లు కట్టి ఇచ్చినవాళ్ళమవుతాం. పట్నాల్లో పక్కన ఖాళీ స్థలంలో తుప్పలు పెరిగి ఉంటే అక్కడా ఇదే ప్రమాదం ఉంది, స్థలం మనది కాకపోయినా మున్సిపాలిటీకి ఫిర్యాదు చేయవచ్చు.

దూరంగా ఉన్న పిల్లలకు

హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్న మీకు ఊరి నుంచి “కాస్త ఒళ్ళు వెచ్చగా ఉందిరా” అని ఫోన్ వస్తే, పారాసెటమాల్ వేసుకోమని పెట్టేయవద్దు. “అమ్మా, పోయిన మూడు వారాల్లో గడ్డికి వెళ్ళావా? ఒంటి మీద నల్ల మచ్చ ఏమన్నా ఉందేమో పిన్నిని చూడమను” అని అడగండి. మూడో రోజు మళ్ళీ ఫోన్ చేయండి.

సంక్రాంతికి వచ్చి చేలగట్ల మీద పిల్లలతో ఫోటోలు తీసుకుని అమెరికాకో ఇంగ్లండుకో తిరిగి వెళ్ళాక జ్వరం వస్తే, అక్కడి డాక్టరుకు ఈ జబ్బు తట్టకపోవచ్చు. ఇండియాలో పల్లెకు వెళ్ళి వచ్చానని, ఏ తేదీల్లో ఉన్నానో, స్క్రబ్ టైఫస్ అక్కడ ఉందని మీరే చెప్పండి. మచ్చ ఉంటే దాని మీది చెక్కును గోకి పారేయకుండా చూపించండి. పీసీఆర్ పరీక్షకు రక్తం కన్నా ఆ చెక్కే బాగా పనికొస్తుంది.